మూడో అంతస్తు తలుపు

లిఫ్టుల కంపెనీలో అందరూ అతన్ని శిష్యుడు అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు గాని, పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు. ఉద్యోగంలో చేరిన ఆరు నెలల్లో అతను కనీసం నలుగురి వెంటపడ్డాడు. "అన్నా, నన్ను మీ టీములో వేయించుకోండన్నా" అని ఒకరిని, "సార్, మీలాగా కావాలంటే ఏం చెయ్యాలి సార్" అని ఇంకొకరిని. ఒకాయన టీ తెమ్మన్నాడు. ఇంకొకాయన తన బండి కడగమన్నాడు. కడిగాడు కూడా.

ఇరవై మూడేళ్ళవాడు. పొద్దున్నే ఐదింటికి లేచి చన్నీళ్ళు పోసుకునేవాడు. ఎందుకయ్యా అంటే, ఫోనులో ఒకాయన చెప్పాడు. ఆయన కోటు వేసుకుని వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ, అసలైన మగాడు కావడానికి పది మెట్లున్నాయంటాడు. శిష్యుడు పదీ విన్నాడు. ఎనిమిదో మెట్టు, నీకొక గురువును వెతుక్కో అని. ఎక్కడ వెతుక్కోవాలో మాత్రం ఆ కోటాయన చెప్పకుండా తొమ్మిదో మెట్టుకి వెళ్ళిపోయాడు. ఇంట్లో నాన్న లేడని కాదు. దూరాలు తిరిగే లారీ డ్రైవరు. వారానికోసారి ఫోను చేసి "జాగ్రత్తరా" అంటాడు. దేని విషయంలో జాగ్రత్తో అడిగేలోపల లైను కట్టయిపోతుంది.

చివరికి ఆఫీసువాళ్ళు అతన్ని వేసింది ఎవరూ కోరుకోని మనిషి కింద. యాభై ఎనిమిదేళ్ళ మెకానిక్కు. ఆయన్ని వెనకాల చాదస్తం అనేవారు, ధైర్యమున్నవాళ్ళు ముందరే అనేవారు. లిఫ్టు డబ్బా మీదికి ఎక్కేముందు ఆయన "స్టాపు నొక్కాను" అని అరిచేవాడు. పక్కనున్నవాడు "స్టాపు నొక్కారు" అని తిరిగి అరవాలి. "ఎక్కుతున్నాను" అంటే "ఎక్కండి" అనాలి. మెట్ల మీద పోయే జనం ఆగి చూసేవారు. శిష్యుడికి తల కొట్టేసినట్టుండేది. గొంతు తగ్గిస్తే చాదస్తం ఒప్పుకునేవాడు కాదు. "నీ నోట్లో ఏమన్నా ఉందా? ఉంటే ఉమ్మేసి మళ్ళీ చెప్పు" అనేవాడు.

అన్నిటికన్నా పెద్ద చాదస్తం ఎర్ర వైరు దగ్గర. లిఫ్టుకి ప్రతి అంతస్తులోనూ తలుపు దగ్గర ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. అన్ని తలుపులూ సరిగ్గా మూసుకుంటేనే లిఫ్టు కదులుతుంది. అది మొరాయించినప్పుడు తప్పు తలుపులదా, ఇంకెక్కడన్నానా అని తేల్చుకోవడానికి బిల్డింగు పైన మోటారు ఉండే గదిలోని ప్యానెల్లో రెండు చోట్ల ఒక జానెడు ఎర్ర వైరు తగిలిస్తారు. అది తగిలించి ఉన్నంతసేపూ ఏ తలుపు బార్లా తెరిచి ఉన్నా లిఫ్టు మూసే ఉందనుకుని వెళ్ళిపోతుంది. పరీక్ష అయ్యాక వైరు పీకెయ్యాలి, అంతే. అందరూ అలాగే చేస్తారు. చాదస్తం మాత్రం ముందు జేబులోంచి ఇంటి తాళంచెవులు తీసి ఆ వైరుకి వేలాడదీసి, అప్పుడు తగిలించేవాడు. "మర్చిపోయామనుకో, ఇంటికెళ్ళి గుమ్మంలో నిలబడితే గుర్తొస్తుంది" అనేవాడు. మీ ఆవిడ ఇంట్లోనే ఉంటుందిగా, తలుపు తీస్తుందిగా అని ఎవరో అడిగితే, "తియ్యదు. చెప్పి ఉంచాను" అన్నాడట.

ఇలాంటి మనిషి దగ్గర నేర్చుకునేదేముంది, గుర్రుమనడం తప్ప? శిష్యుడి మనసంతా ఇంజినీరు మీద ఉండేది. ఇంజినీరు ఇస్త్రీ చొక్కా నలగకుండా ఉండేవాడు, పేరుపెట్టి పలకరించేవాడు. ఒకసారి భుజం మీద చెయ్యేసి "నీలో ఏదో ఉందిరా" అన్నాడు. ఆ ఏదో ఏమిటో చెప్పలేదు గాని, శిష్యుడు ఆ మాట మీద రెండు నెలలు బతికాడు.

ఆ మంగళవారం తొమ్మిది అంతస్తుల పాత బిల్డింగులో లిఫ్టు ఆగిపోయింది. చేత్తో లాగి మూసే తలుపుల లిఫ్టు. ఇద్దరూ పదింటికి వెళ్ళారు. చాదస్తం పై గది తెరిచి, ప్యానెలు తలుపు తీసి, కళ్ళజోడు సర్దుకుంటుండగానే ఫోను మోగింది. కూతురికి నొప్పులు మొదలయ్యాయి, హాస్పిటల్లో చేర్చారు. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు రెండుసార్లు కింద పడింది.

"నేనెళ్ళొస్తాను. వచ్చేదాకా ఏదీ ముట్టుకోకు" అన్నాడు. "మెట్ల మీద కూర్చో. కావాలంటే నీ కోటాయన్ని చూసుకో."

శిష్యుడు మెట్ల మీద కూర్చున్నాడు. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఒక పెద్దాయన ప్రతి అంతస్తులోనూ ఆగి గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ రెండు మూటలు చంకల్లో పెట్టుకుని, నాలుగేళ్ళ కూతుర్ని ముందు నడిపించుకుంటూ ఎక్కుతోంది. "ఏం తమ్ముడూ, కూర్చోవడానికి జీతమిస్తారా మీకు?" అంది. ఎగతాళి కాదు, నీరసం. శిష్యుడికి మాత్రం చురుక్కుమంది.

పదకొండున్నరకి ఇంజినీరు ఫోను చేశాడు. "బిల్డింగు ప్రెసిడెంటు నా ప్రాణం తీస్తున్నాడు. ఎంతదాకా వచ్చింది?"

"బాబాయ్ హాస్పిటల్‌కి వెళ్ళాడు సార్. వచ్చేదాకా ముట్టుకోవద్దన్నాడు."

"ముట్టుకోవద్దన్నాడా!" ఇంజినీరు నవ్వాడు. "నువ్వేమన్నా చిన్నపిల్లాడివిరా? శనివారంతో నీ ప్రొబేషను అయిపోతోంది. నీ పేరు పర్మినెంటుకి పంపాలా వద్దా నేను? మగాడిలా దిగు. అరగంటలో నాకు ఫోను రావాలి."

ఆ మాట కోసమే పుట్టినట్టు లేచాడు శిష్యుడు. ప్యానెల్లో ఎర్ర వైరు తగిలించాడు. తాళంచెవులు వేలాడదియ్యలేదు, ఆ వేషాలు తనకెందుకు? లిఫ్టు కదిలింది. అంటే తప్పు తలుపుల్లోనే ఉంది. తొమ్మిదో అంతస్తు నుంచి ఒక్కో స్విచ్చీ విప్పి చూసుకుంటూ దిగాడు. మూడో అంతస్తులో దొరికింది. లోపలి రాగి ముక్క మసిబారి నల్లగా ఉంది. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఊది, బిగించాడు. పైకెళ్ళి మీట నొక్కాడు. లిఫ్టు జుయ్యిమని పరిగెత్తింది. పరిగెత్తదా మరి! వైరు ఇంకా దాని మెడలోనే ఉంది. శిష్యుడికి ఆ ఊసే తట్టలేదు. ప్యానెలు మూసి, తాళం వేసి, ఇంజినీరుకి ఫోను చేశాడు.

"ఇరవై ఏడు నిమిషాలు!" అన్నాడు ఇంజినీరు. "నీ గురువైతే రేపటిదాకా తాళాలు వేలాడేసుకుంటూ కూర్చునేవాడు. శభాష్."

చాదస్తం మూడింటికి వచ్చాడు. మనవరాలు పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం. మొహం వెలిగిపోతోంది. లిఫ్టు నడుస్తుండడం చూసి ఒక్క క్షణం ఆగాడు. "ముట్టుకోవద్దన్నానా?" అన్నాడు. శిష్యుడు ఇంజినీరు పేరు చెప్పాడు. చాదస్తం తిట్టడానికి నోరు తెరిచాడు గాని, మళ్ళీ ఫోను మోగింది. పాపకి ఎవరి ముక్కు వచ్చిందో చెప్పడానికి భార్య చేసింది. నవ్వుకుంటూ మాట్లాడుకుంటూ ఆయన మెట్లు దిగిపోయాడు. ఏ రోజయినా వదలకుండా అడిగే మాట, వైరు తీశావా అనే మాట, ఆ రోజు అడగలేదు. పైకెళ్ళి ప్యానెలు తెరిచి చూడనూ లేదు.

బుధవారం పొద్దున ఏడింటికి అమ్మ అతని పనిసంచీ తీసుకొచ్చి మంచం మీద పడేసింది. "జిడ్డోడుతోంది, ఉతుకుతాను. ఖాళీ చెయ్యి." శిష్యుడు ఒక్కో సామానూ తీసి పెట్టాడు. పట్టకార్లు, స్క్రూడ్రైవర్లు, టార్చిలైటు, గరుకు కాగితం, ఒక ఎర్ర వైరు. ఎర్ర వైర్లు రెండుండాలి. సంచీ తిరగేసి దులిపాడు. చొక్కా జేబులు, ప్యాంటు జేబులు చూశాడు. ఎక్కడుందో తెలుసు, అయినా మంచం కింద కూడా చూశాడు. అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏమయిందిరా, అలా అయిపోయావు?" అంది అమ్మ.

పెరట్లోకి వెళ్ళి ఇంజినీరుకి ఫోను చేశాడు. ఇంజినీరు అంతా విని ఒక నిట్టూర్పు వదిలాడు. "ఇంతేనా? చచ్చిపోయినట్టు మాట్లాడుతుంటే ఏమిటో అనుకున్నాను. లిఫ్టు నడుస్తోందిగా? మధ్యాహ్నం అటువైపు వెళ్ళినప్పుడు పీకెయ్. రిజిస్టర్లో మాత్రం రాయకు. వచ్చే వారం ఆ బిల్డింగు కాంట్రాక్టు రెన్యువలుంది. నీ పర్మినెంటు సంగతి కూడా ఆలోచించుకో." ఫోను పెట్టేశాడు.

శిష్యుడికి అర నిమిషం ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన, చదువుకున్నవాడు, పర్వాలేదన్నాడు. తర్వాత మూటలతో ఎక్కుతున్న ఆవిడ గుర్తొచ్చింది. ఆ రెండు చేతులూ ఖాళీగా లేవు. ఆవిడ తలుపు మూస్తుందా? మూయకుండా లిఫ్టు వెళ్ళిపోతే ఆ గుమ్మంలో ఏముంటుంది? ఏమీ ఉండదు, మూడంతస్తుల గొయ్యి ఉంటుంది.

చాదస్తానికి ఫోను చేశాడు. మాట పూర్తి కాలేదు.

"కరెంటు తీయించు" అన్నాడాయన. "వాచ్‌మన్‌కి ఫోను చేసి మెయిన్ దింపమను. ఇప్పుడే. తిట్లు తర్వాత."

శిష్యుడు వాచ్‌మన్‌కి ఫోను చేసి బిల్డింగు చేరేసరికి చాదస్తం గేటు దగ్గర బండి దిగుతున్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. కింద పదిమంది గుమిగూడి వాచ్‌మన్ని దులిపేస్తున్నారు. నిన్ననే బాగు చేసి ఇవాళ ఆపడమేమిటని. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని శిష్యుడు ఒక్కో మొహం చూసుకుంటూ పోయాడు. అందరూ కోపంగా, ఆరోగ్యంగా ఉన్నారు. అంత కోపాన్ని చూసి అంత సంతోషపడ్డవాడు లోకంలో ఉండడు.

ఒక్కో అంతస్తులోనూ తలుపు లాగి చూసుకుంటూ మెట్లెక్కారు. మూడో అంతస్తులో తలుపు ఒక మనిషి పట్టేంత తెరిచి ఉంది. లిఫ్టు డబ్బా అక్కడ లేదు. లోపల నూనె పట్టిన ఇనుప తాళ్ళు, కింద చీకటి. చాదస్తం తలుపు లాగి మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎదురింటి తలుపు తీసుకుని కుట్టుపని ఆవిడ బయటికొచ్చింది. మెడలో కొలతల టేపు, వెనక కొంగు పట్టుకుని కూతురు.

"మళ్ళీ ఎందుకు ఆపారు? నిన్న ఎంత బాగా చేశావు తమ్ముడూ!" అంది. "ఇదివరకు తలుపు కాస్త సందున్నా కదిలేది కాదు, చంపుకు తినేది. నిన్న సాయంత్రం చేతుల్లో మూటలున్నాయని అలాగే తీసి వదిలేశాను, చక్కా వెళ్ళిపోయింది. ఇవాళ పొద్దున కూడా అంతే. ఏం చేశావో గాని, అలాగే ఉంచు."

కూతురు కొంగు వదిలి లిఫ్టు తలుపువైపు రెండడుగులు వేసింది. చాదస్తం కదల్లేదు. పిల్ల ఆయన మోకాలు తట్టి, ఆయన మొహం చూసి, మళ్ళీ అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

పై గదిలో శిష్యుడు ప్యానెలు తెరిచాడు. ఎర్ర వైరు అక్కడే ఉంది. పీకాడు. మెయిన్ వేయించి మీట నొక్కితే లిఫ్టు ఉలకలేదు, పలకలేదు. నిన్న అతను బాగు చేసింది ఏమీ లేదు. అది తెలిశాక ఇంకా సిగ్గేసింది. చాదస్తం అతన్ని మళ్ళీ మూడో అంతస్తుకి తీసుకెళ్ళి స్విచ్చి విప్పించాడు. రాగి ముక్క తళతళలాడుతోంది గాని, దాన్ని నొక్కిపెట్టే స్ప్రింగు వంగిపోయి ఉంది. "మసి కళ్ళకి కనబడుతుంది, అందుకని అదే తప్పనుకుంటాం" అన్నాడు. "వేలు పెట్టి నొక్కి చూడు. తిరిగి వస్తోందా? రావట్లేదు. ఇదీ సంగతి." కొత్త స్ప్రింగు శిష్యుడిచేతే వేయించాడు. తలుపు తీసి పెట్టి పదిసార్లు పిలిచి చూశారు. పదిసార్లూ లిఫ్టు కదలనంది. మూసి పిలిస్తే వచ్చింది. ప్రతి అంతస్తులోనూ అలాగే. అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఇంతసేపూ ఆయన ఒక్క తిట్టు తిట్టలేదు. అదే భయంగా ఉంది శిష్యుడికి.

పై గదిలో రిజిస్టరు గోడకి వేలాడుతోంది. ఏ పని చేసినా అందులో రాయాలి. శిష్యుడు దాన్ని తీసి కింద కూర్చుని, పెన్ను మూత తీశాడు.

"స్ప్రింగు మార్చాం అని రాయి" అన్నాడు చాదస్తం.

"మరి వైరు?"

"వైరు రాయకు."

శిష్యుడు తలెత్తి చూశాడు. తను సరిగ్గా విన్నాడో లేదో తెలీలేదు. గొంతు తగ్గితేనే ఒప్పుకోని మనిషి.

"మీరేనా బాబాయ్ ఈ మాట అంటున్నది?"

"నేనే. ఎవరికీ ఏమీ కాలేదు. తీసేశాం, బాగు చేశాం. నువ్వింక జన్మలో మర్చిపోవు. రాస్తే శనివారం నిన్ను ఇంటికి పంపించేస్తారు. మీ నాన్న ఆ లారీ మీద ఇంకెన్నేళ్ళు తిరగాలి?" చాదస్తం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "నేను నీ వెనకే ఉండాల్సినవాణ్ణి. లేను. వచ్చాకయినా చూడాల్సింది. చూడలేదు. నా మూలంగా నీ బతుకు పాడవడం నాకిష్టం లేదు. రాయకురా."

శిష్యుడు పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు. ఆరు నెలలుగా అతను వెతుకుతున్నది ఇదే. తన గురించి ఇంతలా ఆలోచించే ఒక పెద్ద దిక్కు. దొరికింది. కాని ఆ దిక్కు చెబుతున్న మాట పొద్దున ఇంజినీరు చెప్పిన మాటే. ఆయన తన కోసం చెప్పాడు, ఈయన ఇతని మీద ప్రేమతో చెబుతున్నాడు. మాట మాత్రం ఒకటే.

"మీరైతే ఏం చేసేవాళ్ళు బాబాయ్? మీకే జరిగితే?"

చాదస్తం జేబులో చెయ్యి పెట్టుకున్నాడు.

"జరిగింది" అన్నాడు. "ఇరవై ఆరేళ్ళయింది. అయిదంతస్తుల బిల్డింగు. రోజంతా ఉండిపోయింది వైరు. మర్నాడెళ్ళి పీకేసి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా. ఏమీ కాలేదు, ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ బిల్డింగువాళ్ళు ఇప్పటికీ ఎక్కడన్నా కనబడితే, బాగున్నారా అని నవ్వుతూ వస్తారు. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతాను."

ఆయన గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం జేబులోని తాళంచెవుల గుత్తిని పట్టుకుని ఉంది. ఆఫీసులో అందరూ ఇన్నేళ్ళూ నవ్వింది దేన్ని చూసో శిష్యుడికి అప్పుడు తెలిసింది. ఆయనంటే జాలేసింది, తన మీద తనకి భయమేసింది. ఇరవై ఆరేళ్ళు!

వంగి రాయడం మొదలుపెట్టాడు. దస్తూరి బాగుండదు, అందుకని నెమ్మదిగా రాశాడు. మంగళవారం పదకొండున్నరకి ఎర్ర వైరు తగిలించింది నేను. తియ్యడం మర్చిపోయింది నేను. బుధవారం ఏడున్నరదాకా లిఫ్టు అలాగే నడిచింది. మూడో అంతస్తు తలుపు తెరిచి ఉండగా నడిచింది. ఏదీ ముట్టుకోవద్దని నా సీనియరు చెప్పి వెళ్ళారు. ఇంజినీరుగారు ఫోనులో దిగమన్నారు, నేను దిగాను. సంతకం పెట్టాడు.

చాదస్తం ఆ పుస్తకం తీసుకుని కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివాడు. చింపేస్తాడేమో అనుకున్నాడు శిష్యుడు. ఆయన పెన్ను అడిగి, కింద తన దస్తూరీతో రాశాడు. పని మధ్యలో ఇతన్ని వదిలి వెళ్ళాను. తిరిగి వచ్చాక ప్యానెలు తెరిచి చూడలేదు.

రిజిస్టరు ఆఫీసులో ఇవ్వడానికి సంచీలో పెట్టుకుని, "పద, ఆకలేస్తోంది" అన్నాడు.

శిష్యుడికి ఆకలి వెయ్యలేదు. ఆ మూడు రోజులూ వెయ్యలేదు.

గురువారం ఇంజినీరు అతన్ని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. టైపు చేసిన కాగితం ఒకటి ముందుకి తోశాడు. సీనియరు నన్ను ఒంటరిగా వదిలి వెళ్ళాడు, నాకు ఏ సూచనలూ ఇవ్వలేదు, ఆయన రాయమన్నందువల్లే రిజిస్టర్లో అలా రాశాను అని ఉంది.

"ఆయనకి ఎలాగూ రెండేళ్ళే సర్వీసుంది" అన్నాడు ఇంజినీరు. "నీకు ముప్పై అయిదేళ్ళుంది. సంతకం పెట్టు, శనివారం నేను చూసుకుంటాను. నీ మంచి కోరే చెబుతున్నాను."

శిష్యుడు ఆ కాగితం చివరిదాకా చదివాడు. "వదిలి వెళ్ళిన మాట నిజమే సార్. ముట్టుకోవద్దని చెప్పారు కదా. అది ఇందులో లేదు."

"అది నీకూ ఆయనకీ తప్ప ఎవరికి తెలుసు?"

"మీకు కూడా తెలుసు సార్. నేనే ఫోనులో చెప్పాను."

ఇంజినీరు మొహం ఎర్రబడింది. "వెళ్ళు" అన్నాడు. "శనివారం నా దగ్గరికి ఏడుస్తూ రాకు."

ఆ రెండు రోజులూ శిష్యుడు ఐదింటికి లేచాడు గాని, ఫోను ముట్టుకోలేదు. చన్నీళ్ళ బదులు వేన్నీళ్ళే పోసుకున్నాడు. శుక్రవారం అమ్మకి అంతా చెప్పేశాడు. అమ్మ ముందు నెత్తి కొట్టుకుంది, తర్వాత "ఆ పిల్లకేమీ కాలేదు కదా?" అని మూడుసార్లు అడిగింది. ఉద్యోగం గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

శనివారం మేనేజరుగారి గదిలో ముగ్గురూ నిలబడ్డారు. ఆవిడ పొట్టి మనిషి, మాట తక్కువ. టేబులు మీద రిజిస్టరు తెరిచి ఉంది. చదువుతూనే ఇంజినీరుని అడిగింది.

"మీరు ఫోనులో దిగమన్నారా?"

"ఉత్సాహపరిచానంతే మేడం. కుర్రాడు కదా అని."

"లిఫ్టులో ఉత్సాహం మీద నడిచే భాగం ఏదన్నా ఉందా?" ఆవిడ పేజీ తిప్పింది. "మీతో తర్వాత విడిగా మాట్లాడతాను. వెళ్ళండి."

తలుపు మూసుకున్నాక ఆవిడ శిష్యుడివైపు తిరిగింది. "ఇది నిన్ను ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదండీ."

"రాయొద్దని ఎవరన్నా అన్నారా?"

శిష్యుడు తడబడ్డాడు. చాదస్తం గొంతు సవరించుకున్నాడు. "నేనన్నానమ్మా" అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. ముప్పై ఏళ్ళుగా ఎరిగిన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మీకు హెచ్చరిక కాగితం వస్తుంది. సర్వీసులో మొదటిది కదూ? పర్వాలేదు, దాచుకోండి" అంది. "నీకు ప్రొబేషను ఇంకో ఆరు నెలలు. ఈయన కిందే. అప్పటిదాకా ఒక్కడివే ప్యానెలు తెరిచావంటే ఊరుకోను."

"ఉద్యోగం తీసెయ్యరా మేడం?" అన్నాడు శిష్యుడు. చాదస్తం అతని కాలు తొక్కాడు.

"దాచినవాణ్ణి తీసేస్తాను. రాసినవాణ్ణి తీసేస్తే రేపట్నుంచి ఈ పుస్తకాల్లో ఎవడూ ఏమీ రాయడు" అంది ఆవిడ. "ఇంకొకటి. ఆ బిల్డింగులో ముప్పై రెండు ఇళ్ళున్నాయి. కంపెనీ తరఫున ఉత్తరం నేను పంపిస్తాను, కాంట్రాక్టు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. కాని మీరు వెళ్ళి నోటితో చెప్పి రండి. ఇవాళే."

ఇద్దరూ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చారు. అక్కడ చాదస్తం ఆగి, "ఉద్యోగం తీసెయ్యరా అట! అడిగి మరీ తీయించుకుంటావా, తిక్క సన్నాసీ!" అన్నాడు. నాలుగు రోజులుగా ఆగిన తిట్లన్నీ వరసపెట్టి వచ్చాయి. శిష్యుడు నవ్వడం మొదలుపెట్టాడు, ఆపుకోలేకపోయాడు. కళ్ళనీళ్ళొచ్చాయి. చాదస్తం కూడా తిడుతూ తిడుతూనే నవ్వేశాడు.

మూడో అంతస్తులో తలుపు తట్టేటప్పటికి ఆ నవ్వు పోయింది. కుట్టుపని ఆవిడ మిషను మీద నుంచే లోపలికి రమ్మంది. శిష్యుడు గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. మొదట ఆవిడకి అర్థం కాలేదు. "నడిచింది కదా?" అంది. అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి వైరు ఏం చేస్తుందో, తెరిచిన తలుపు వెనక ఏముంటుందో కూడా చెప్పాడు. మిషను ఆగింది.

"మా పిల్ల ఆ సాయంత్రం వరండాలో బంతాట ఆడుకుంది" అందావిడ. "ఒక్కత్తే."

లేచి వెళ్ళి లోపల ఆడుకుంటున్న కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. పిల్ల దిగుతానని గింజుకుంది. దించలేదు. అప్పుడు మొదలుపెట్టింది తిట్టడం. మీకు పిల్లల్లేరా, మీకు బుద్ధుందా, మీరు మనుషులేనా. శిష్యుడు ఒక్కదానికి కూడా అడ్డం చెప్పలేదు. చాదస్తం ముందుకొచ్చి "వదిలి వెళ్ళింది నేనమ్మా" అంటే ఆయన్నీ కలిపి తిట్టింది. ఆ ఇల్లంతా మార్మోగిపోయింది. అయినా శిష్యుడికి కాళ్ళ కింద నేల గట్టిగా ఉన్నట్టు తెలుస్తోంది. ఆ నాలుగు రోజుల్లో అలా తెలియడం అదే మొదలు.

తిట్టీ తిట్టీ ఆవిడ కుర్చీలో కూలబడింది.

"ఇదంతా వచ్చి చెప్పకపోతే ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదక్కా. మీకు తెలిసేదే కాదు."

"అవును" అంది పిల్ల తల మీద గడ్డం ఆనించి. "నిన్ను మెచ్చుకుంటూనే ఉండేదాన్ని."

కాసేపయ్యాక లేచి రెండు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ తాగి, గ్లాసులు బల్ల మీద పెట్టి బయటికొచ్చారు. శిష్యుడు గోడకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. కడుపులో ఆకలి కరకరలాడింది.

"ఇంకా ముప్పై ఒకటున్నాయి బాబాయ్" అన్నాడు.

చాదస్తం పక్కింటి గుమ్మం వైపు చూస్తున్నాడు. తప్పి పెట్టుకున్న గుండీలేమన్నా ఉన్నాయేమోనన్నట్టు చొక్కా తడుముకున్నాడు. జుట్టు సర్దుకున్నాడు.

"ఈ ఇంట్లో నేను చెబుతాను" అన్నాడు. "నేను తడబడితే నువ్వందుకో."

తనే గంట నొక్కాడు. లోపల్నుంచి అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. శిష్యుడు పక్కకి జరగలేదు. తలుపు తెరుచుకుంది.

"నమస్కారమమ్మా, మేం లిఫ్టువాళ్ళం" అన్నాడు చాదస్తం. "మా వల్ల ఒక తప్పు జరిగింది."